మొండి మరచీల చరిత్ర

మోటారుసైకిలు గల ఇంటివారికి ఏనాడో ఒకనాడు ఈ చిక్కు తప్పదు. బండి నాలుగు నెలలు కదలక వసారాలో నిలిచిపోవును. లోపలి పెట్రోలు ఆవిరియై, దాని జిగురు కార్బురేటరులోని సన్నని రంధ్రములలో పేరుకొనును. ఎంత తన్నినను ఇంజను పలుకదు. కార్బురేటరు విప్పి కడిగినచో సరిపోవునని తెలిసినవారు చెప్పుదురు. ఆ మాట నిజమే. కార్బురేటరు అడుగున పెట్రోలు నిలుచు చిన్న గిన్నె యున్నది. దానిని పట్టి యుంచునవి నాలుగు చిన్న స్క్రూలు. మూడు తేలికగా వచ్చును. నాలుగవది రాదు. మరికొంత బలము చేసి తిప్పుదుము. స్క్రూడ్రైవరు జారి గిఱ్ఱున తిరుగును. తలపైనున్న గాడి అరిగి గుండ్రని గుంట యగును. అటుపిమ్మట ఆ స్క్రూ ఎవరి మాటయు వినదు.

దీనిని మనము మొండితన మందుము. యథార్థమునకు మరచీలకు మొండితనము లేదు, చరిత్ర యున్నది. వ్రేలి గోరంత లేని ఆ వస్తువులో మూడు వేర్వేరు చరిత్రలు వచ్చి కలిసినవి. దాని ఒంటిపై చుట్లు ఒక దారిన వచ్చినవి. తలపై గాడి మరియొక దారిన వచ్చినది. అది దిగియున్న లోహము మూడవ దారిన వచ్చినది. ఈ మూడును ఎరిగినవానికి స్క్రూ లొంగును. ఎరుగనివాడు పది నిమిషముల పనికై కార్బురేటరునే పోగొట్టుకొనును. పాత బండికి సరియైన కార్బురేటరు మరల దొరకుట సులభము కాదు. పాలకావిడి మోటారుసైకిలుపై మోయువానికి, ఊరూరు తిరిగి బట్టలమ్మువానికి బండి నిలుచుట యనగా ఆ దినపు కూడు నిలుచుటయే. కావున ఈ చిన్న వస్తువు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట వృథా కాదు.

మొదట చుట్ల కథ చూతము. మన పల్లెలలో ఎడ్లబండి చక్రము ఊడకుండ ఇరుసు చివర చీల దిగవేయుదురు. ఒక దెబ్బకు అది దిగును. ఇంకొక దెబ్బకు ఊడును. మరచీల అట్టిది కాదు. కొండపైకి పోవు ఏటవాలు బాటను ఒక కడ్డీ చుట్టు చుట్టినట్లు దాని చుట్లుండును. వాలు స్వల్పము గనుక కొద్ది బలముతో తిప్పినను అది గట్టిగా బిగియును. ఆ స్వల్పమైన వాలు వలననే, లోహమునకు లోహమునకు గల రాపిడి దానిని తనంతట వెనుకకు జారనీయదు. బిగింపునకు ఉపకరించు గుణమే విప్పునపుడు ఎదురు నిలుచును.

ఐరోపాలో లోహపు మరచీలలు పదునైదు, పదునారవ శతాబ్దములలో తుపాకులకును కవచములకును వాడుకలోనికి వచ్చినవి. జర్మనీలోని వోల్ఫెగ్ కోటలో 1480 ప్రాంతపు సచిత్ర గ్రంథ మొకటి చిరకాలము భద్రపడి యుండెను. స్క్రూలకు చుట్లు కోయు లేతు బొమ్మ అందు కలదు. అయినను ఆ పిమ్మట మూడు వందల సంవత్సరములు మరచీల చేతిపనిగనే నిలిచినది. ఏ బోల్టు నట్టు ఆ బోల్టుకే పట్టును. లండనులో హెన్రీ మాడ్‌స్లే వద్ద సహాయకుడుగా పనిచేసిన జేమ్సు నాస్మిత్ ఆనాటి స్థితిని తన ఆత్మకథలో వివరించినాడు. యంత్రము విప్పునపుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకొనవలసి యుండెనట. గుర్తు తప్పినచో చిక్కులకు అంతు లేదు.

ఈ స్థితిని మార్చినవాడు మాడ్‌స్లేయే. అంతకు ముందును కొందరు యత్నించిరి. కాని కార్ఖానాలో నిత్యము పనికి వచ్చు మరకోత లేతును 1800 ప్రాంతమున ఆయన తీర్చిదిద్దినాడు. ఉలిని చేతితో పట్టుటకు మారుగా జారుపట్టులో బిగించి, ఖచ్చితమైన ఒక పెద్ద మరకడ్డీ దానిని నడుపునట్లు ఏర్పరచినాడు. పండ్లచక్రములు మార్చినచో చుట్టుకు చుట్టుకు నడుమ దూరము మారును. ఒకే విధమైన స్క్రూలు వేలకొలది చేయుటకు మార్గ మేర్పడినది. కాని ఒక కార్ఖానా కొలత ఇంకొక కార్ఖానాకు కుదరదు. మాడ్‌స్లే వద్దనే పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు ఇంగ్లండులోని పలు కార్ఖానాల స్క్రూలను సేకరించి, వాని సగటు తీసి, 1841లో సివిలు ఇంజనీర్ల సంస్థ యెదుట ఒక పద్ధతిని ప్రతిపాదించినాడు. చుట్టు కోణము 55 డిగ్రీలు. ఇంత వ్యాసమునకు అంగుళమునకు ఇన్ని చుట్లు అని నియమము. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో 60 డిగ్రీల కోణము మేలని వాదించినాడు. అది కోయుటకు తేలిక. ఐరోపా ఖండము మిల్లీమీటరును ఆశ్రయించినది. ఇంగ్లండులోనే సున్నితమైన పరికరములకై 1884లో బ్రిటిషు అసోసియేషను చుట్లు అను మరియొక తెగ పుట్టినది. వీనినే మెకానిక్కులు బి.ఏ. చుట్లందురు.

ఇన్ని తెగల వలన మన కార్బురేటరుకు వచ్చు నష్టమేమి? ఒక్క ఉదాహరణము చాలును. 2 బి.ఏ. స్క్రూ వ్యాసము 4.7 మిల్లీమీటర్లు; చుట్టు దూరము 0.81. 5 మిల్లీమీటర్ల మెట్రికు స్క్రూ చుట్టు దూరము 0.8. కంటికి రెండును ఒకటే. 2 బి.ఏ. రంధ్రములో మెట్రికు స్క్రూను తిప్పినచో అది మొదట కొంత దిగి, పిదప బిగిసిపోవును. బిగిసినది గదాయని బలము చేసినవాడు మెత్తని కార్బురేటరు లోహములో కొత్త చుట్లు కోసినవా డగును. ఇది దేశమునకు దేశమునకు నడుమనే కాదు, ఒకే దేశములోను జరిగినది. జపానులో పూర్వపు 4 మిల్లీమీటర్ల స్క్రూకు చుట్టు దూరము 0.75. 1960లలో ఆ దేశము అంతర్జాతీయ ప్రమాణమునకు మారినపుడు అది 0.7 అయినది. పాతదానిని కొత్తదానితో కలుపకుండుటకు కొత్త స్క్రూల తలపై ఒక చిన్న చుక్కగుంట వేయుట ఆచారమైనది. పాత జపాను బండ్లపై ఆ చుక్క నేటికిని చూడవచ్చును.

ఇక తల సంగతి. చిరకాలము స్క్రూ తలపై ఒక్క గీతయే గాడి. అది కోయుటకు సులభము, రంపముతోనైనను కోయవచ్చును. కాని స్క్రూడ్రైవరు అందులో నిలువదు. ప్రక్కకు జారి చేతినైనను గీరును, వస్తువునైనను గీరును. కెనడా దేశస్థుడైన పీటరు రాబర్ట్‌సన్ అను అమ్మకందారు ఒక నాడు స్క్రూడ్రైవరు పనితనము చూపుచుండగా అది జారి చేయి తెగినదనియు, అందుకే ఆయన మరియొక గాడిని వెదకినాడనియు చెప్పుదురు. 1908లో ఆయన చతురస్రపు గుంట గల స్క్రూను రూపొందించినాడు. డ్రైవరు అందులో కుదురుగా కూర్చుండును, జారదు. హెన్రీ ఫోర్డు దీనిని మెచ్చినాడు. కాని తయారీ హక్కులను తన చేయి దాటనిచ్చుటకు రాబర్ట్‌సన్ ఒప్పుకొనలేదు. బేరము చెడినది. మంచి స్క్రూ కెనడాలో నిలిచిపోయినది.

ఆ ఖాళీలోనికి నాలుగు రెక్కల గాడి వచ్చినది. మన మెకానిక్కులు స్టారు స్క్రూడ్రైవరు అనునది దీనికి సంబంధించినదే. అమెరికాలో ఓరిగాను రాష్ట్రపు పోర్ట్‌లాండు నివాసియైన హెన్రీ ఫిలిప్సు, జాన్ థామ్సన్ అనువాని ఆలోచనను కొని, మెరుగుపరచి, 1936లో పేటెంటులు పొందినాడు. అమెరికన్ స్క్రూ కంపెనీ దానిని తయారు చేసినది. జనరల్ మోటార్సు వారు కాడిలాకు కార్లలో వాడిరి. కొలది సంవత్సరములలో అమెరికా కార్ల పరిశ్రమ దాదాపు అంతయు దానిని స్వీకరించినది. దీని గుణము డ్రైవరు మొన తనంతట నడిమికి వచ్చి కూర్చుండుట. మరబిగింపు పనిముట్టుతో క్షణములో బిగించవచ్చును. దీని దోషమును ఆ గుణములోనే దాగియున్నది. గాడి గోడలు కొంచెము వాలుగా నుండును. బలము హెచ్చినపుడు డ్రైవరు ఆ వాలుపై పైకెక్కి బయటికి వచ్చును. అది ఉద్దేశించి చేసినదా, కాదా యను వాదము నేటికిని ఉన్నది. ఏమైనను బిగించునపుడు మేలు చేసిన ఆ వాలు, త్రుప్పు పట్టిన స్క్రూను విప్పునపుడు శత్రు వగును. కార్ఖానా వాడు బిగించుటనే తలచినాడు. ఇరువది ఏండ్ల తరువాత విప్పువాడు ఆయన కంటికి కనబడలేదు.

ఈ గాడి జపాను మోటారుసైకిళ్లపైకి వచ్చిన వైనము ఆసక్తికరమైనది. సోయిచిరో హోండా 1954లో ఐల్ ఆఫ్ మాన్ పందెములను చూచుటకు ఐరోపా వెళ్లినాడు. తిరుగు ప్రయాణమున టైర్లు, రిమ్ములు, చెయినులు, కార్బురేటర్లు మోసికొని వచ్చినాడు. అక్కడి ఒక కార్ఖానా నేలపై పడియున్న నాలుగు రెక్కల స్క్రూ నొకదానిని కూడ ఆయన ఏరి తెచ్చెనని హోండా సంస్థలో చెప్పుకొందురు. అప్పటివరకు జపాను కార్ఖానాలలో ఒక్క గీత స్క్రూలే హెచ్చు; వానిని చేతితో తిప్పవలెను. నాలుగు రెక్కల స్క్రూను గాలి మరతో తిప్పవచ్చును. 1958లో వెలువడిన హోండా సూపరు కబ్బు వంటి బండ్లను లక్షలకొలది చేయుటకు ఇట్టి వేగమే కావలెను. ఆ బండి సంఖ్య 2017లో 10 కోట్లు దాటినది.

కాని జపాను వారు ఈ గాడిని తమ జాతీయ ప్రమాణములో చేర్చునపుడు ఫిలిప్సు రూపమును తు చ తప్పక అనుకరింపలేదు. గుంట అడుగును రెక్కల మూలలును కొంచెము మారినవి. చూపునకు రెండును ఒక్కటే. మన సంతలో దొరకు సాధారణపు ఫిలిప్సు డ్రైవరును జపాను స్క్రూలో పెట్టినచో, రెక్కలు గోడలను పూర్తిగా తాకక ముందే మొన గుంట అడుగును తాకును. డ్రైవరు కూర్చున్నట్లు కనబడును. నిజమునకు అది మొనపై నిలిచి ఊగుచుండును. తిప్పగనే పైకెక్కి గోడలను గీకివేయును. జపాను బండి స్క్రూలు మెత్తని యుక్కువని నిందించుట లోకమున కలదు. ఆ నిందలో హెచ్చు పాలు డ్రైవరుకు చెందవలసినది. జపాను ప్రమాణపు డ్రైవరు నొకదానిని కొని యుంచుకొన్నచో సగము మొండి స్క్రూలు మొండివి కాకపోవును.

మూడవ చరిత్ర లోహముది. 1885 నాటి డైమ్లరు తొలి మోటారుసైకిలులో గాలి పెట్రోలు ఉపరితలము మీదుగా పోయి ఆవిరిని మోసికొని వచ్చెడిది. 1893లో జర్మనీలో విల్‌హెల్ము మైబాహ్, హంగరీలో బాంకి, చోంకా అనువారు వేరువేరుగా సన్నని ముక్కు గుండ పెట్రోలును చిమ్ము కార్బురేటరును తెచ్చిరి. నేటి కార్బురేటరు ఆ వంశములోనిదే. అందలి చిన్న జెట్టు రంధ్రము అర మిల్లీమీటరు కన్నను తక్కువ. ఇట్టి వంకరదారులు గల వస్తువును అచ్చులో పోయుటకు జింకు, అల్యూమినియము వంటి మెత్తని మిశ్రలోహములు అనుకూలము. ఇంగ్లండులోని అమాలు సంస్థ రూపములను అనుమతితో స్వీకరించి జపానులో మికూని సంస్థ కార్బురేటర్లు చేసినది. వంశ మొకటే, చుట్లు మెట్రికు, తల నాలుగు రెక్కలది.

మెత్తని లోహములో ఉక్కు స్క్రూ దిగినపుడు రెండు సంగతులు జరుగును. తేమ తగిలినచో రెండు లోహముల నడుమ చిన్న బ్యాటరీ వంటి చర్య పుట్టి, మెత్తని లోహము తినబడి తెల్లని పొడి యగును. ఆ పొడి అసలు లోహము కన్న హెచ్చు చోటు పట్టును గనుక స్క్రూను నాలుగు దిక్కుల నుండి నొక్కి పట్టును. పెట్రోలులో కలియుచున్న ఎథనాలు నీటిని ఆకర్షించును. బండి కదలక నిలిచినపుడు ఈ చర్యకు అది తోడగును. రెండవది, వేడికి ఈ లోహములు ఒకే తీరుగా వ్యాకోచింపవు. ఒక మీటరు ఉక్కు 100 డిగ్రీల వేడికి సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరిగినచో, అల్యూమినియము 2.3 మిల్లీమీటర్లు పెరుగును. జింకు ఇంకను హెచ్చు. ఈ రెండవ సంగతి మనకు మేలు చేయునది.

ఇప్పుడు చికిత్సకు వత్తము. ఈ చరిత్ర నుండి చికిత్స క్రమము దానంతట ఏర్పడును. మొదట మెత్తనిది, పిదప కఠినమైనది. ముందు వెనుకలు తారుమారు కారాదు.

మొదటి పని శుభ్రత. గాడిలో ఎండిన మట్టియున్న ఏ డ్రైవరును పూర్తిగా దిగదు. సూదితో గుంట అడుగు వరకు గీకి తీయవలెను. పిదప తగిన కొలత డ్రైవరు. స్క్రూ పెద్దదై డ్రైవరు చిన్నదైనచో పని చెడినట్లే. రెండవది నూనె. పలుచని నూనె సందులలోనికి తనంతట ఎక్కును. కాని దానికి వ్యవధి కావలెను. ఒక రాత్రి నానవిడిచినవాడు మరునాడు అదృష్టవంతు డగును. మూడవది చిన్న దెబ్బ. కార్బురేటరును కొయ్యదిమ్మపై ఆనించి, డ్రైవరును గాడిలో నిలిపి, దాని పిడిపై చిన్న సుత్తితో తేలికగా తట్టవలెను. ఆ అదురు త్రుప్పు పొరను పగులగొట్టును. సుత్తి దెబ్బకే తిరుగు ఇంపాక్టు డ్రైవరు ఇంజను మూతలకు మంచిది. కార్బురేటరు వంటి పెళుసు పోతకు దానిని వాడుట సాహసము. నాలుగవది వేడి. నిప్పు కాదు, పెట్రోలు ఆవిరి యున్న చోట మంట పనికిరాదు. పెట్రోలంతయు ఒంపి, రబ్బరు, ప్లాస్టికు భాగములలో తీయగలిగినవి తీసి, పొయ్యికి దూరముగా తెచ్చిన సలసల కాగిన నీటిలో దానిని ముంచవలెను. 4 మిల్లీమీటర్ల రంధ్రము ఉక్కు స్క్రూ కన్న కొన్ని మైక్రాన్లు హెచ్చుగా విచ్చుకొనును. తలవెండ్రుకలో ఇరువదవ వంతు! అంతమాత్రమే ఒక్కొకసారి చాలును.

తిప్పునపుడు బలములో హెచ్చు భాగము క్రిందికి నొక్కుటకే వినియోగించవలెను. తిప్పుట తరువాతి మాట. ముందుగా రవ్వంత బిగించు దిక్కునకు కదలించి పిదప విప్పినచో, పట్టిన పొర విరుగుట కద్దు. గాడి కొంచెము అరిగియున్నచో, వాల్వులు రాపిడి పట్టు గ్రైండింగు పేస్టును డ్రైవరు మొనకు పూసినను పట్టు హెచ్చును.

అప్పటికిని రానిచో శస్త్రచికిత్స. తల పైకి ఉబ్బియున్నచో దానిని బిగింపు పట్టకారుతో ప్రక్కల నుండి పట్టి తిప్పవచ్చును. లేనిచో సన్నని రంపపు బ్లేడుతో తలపై ఒక్క గీత గాడి కోయవచ్చును. నాలుగు రెక్కలు చెడిన చోట పాత గీతయే దిక్కగును. కడపటిది, తలను డ్రిల్లుతో తొలుచుట. తల ఊడిన వెంటనే దాని నొక్కుడు పోవును. గిన్నె చేతికి వచ్చును. మిగిలిన మొండెము పైకి నిలిచియుండును గనుక పట్టకారుతో తిప్పినచో పలుమారు తేలికగా వచ్చును. విరిగిన స్క్రూలో దిగవేయు గట్టి యుక్కు ఎక్స్‌ట్రాక్టరును ఇంత సన్నని స్క్రూకు వాడుట ప్రమాదము. అదియే లోపల విరిగినచో డ్రిల్లునకును లొంగదు. లోపలి ఇత్తడి జెట్లకు ఈ మోటు చికిత్స లేవియు పనికిరావు. జెట్టు గాడికి సరిగా వెడల్పునను మందమునను తుల్యమైన డ్రైవరును ఆకురాయితో సరిచేసికొనియైనను వాడవలెను. జెట్టు రంధ్రము కొంచెము పెరిగినను ఇంజను త్రాగు పెట్రోలు లెక్క మారును.

మన దేశమునకు ఈ రెండు వంశముల స్క్రూలును వచ్చినవి. 1955లో మద్రాసు మోటార్సు, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పినపుడు బుల్లెట్టుతో పాటు బ్రిటిషు చుట్లును మద్రాసులో దిగినవి. విట్‌వర్తు, సైకిలు, బి.ఏ. పేరులు మెకానిక్కులు నేర్చిరి. ముప్పది ఏండ్ల తరువాత, 1985లో, హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్సు. 100 వచ్చినవి. వానితో మెట్రికు చుట్లు, నాలుగు రెక్కల తల వచ్చినవి. ఒకే చెట్టు నీడన పనిచేయు మెకానిక్కు పెట్టెలో రెండు సామ్రాజ్యముల స్పానర్లు చేరినవి. కాని జపాను స్క్రూకు తగిన డ్రైవరు మాత్రము చాలా పెట్టెలలో చేరలేదు. స్క్రూ వచ్చినది, దాని తాళపుచెవి రాలేదు.

2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిదప కొత్త మోటారుసైకిళ్లలో దాదాపు అన్నిటికిని కార్బురేటరు పోయి పెట్రోలును చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అయినను అంతకు ముందటి బండ్లు లక్షలకొలది మన దారులపై తిరుగుచునే యున్నవి. వాని కార్బురేటర్లు ఏటేట విప్పబడుచునే యుండును.

కావున ఎత్తి పెట్టునపుడు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. గాడి చెడిన స్క్రూను మరల వాడరాదు. దానికి మారుగా, అదే చుట్టు దూరము గల ఆరు పలకల గుంట స్క్రూ వేయవచ్చును. అమెరికాలో విలియం అలెను 1910లో పేటెంటు పొందిన ఆ తలను మన వారు అలెను స్క్రూ అనియే పిలుతురు. చుట్లకు కొంచెము గ్రీజు పూసి, మొదట వ్రేళ్లతో తిప్పి, అది తేలికగా దిగినదని తెలిసిన పిదప చిన్న తాళపుచెవితో మెల్లగా బిగించవలెను. మెత్తని లోహములో అతిబిగింపు చుట్లనే తెంచివేయును. ఆ గ్రీజు చుక్కకు అయ్యెడి ఖర్చు లేదు. ఎన్నో ఏండ్ల తరువాత ఆ గిన్నెను విప్పువాడు మన కొడుకో, మనుమడో, ముక్కుమొగ మెరుగని మెకానిక్కో కావచ్చును. వాని చేతిలో ఆ స్క్రూ చులుకనగా తిరుగును. ఎందుచేత తిరిగినదో వానికి తెలియనక్కరలేదు.